మీకు తెలుసా? ఓటీపీ వచ్చేలోపు...

గుంటూరులో మా పిన్ని ఆవకాయ పెట్టి అమ్ముతుంది. మొదట వీధిలోవాళ్లకి, తర్వాత వాళ్ల చుట్టాలకి, ఇప్పుడు తన కొడుకు తయారుచేసి పెట్టిన వెబ్‌సైట్ పుణ్యమా అని ఏ ఊరివాళ్లకైనా. రాత్రి తొమ్మిదింటికి వంటిల్లు సర్దుకున్నాక కళ్లజోడు పెట్టుకుని ఆ రోజు ఆర్డర్ల చిట్టా చూస్తుంది. ఆకుపచ్చ చుక్క ఉంటే డబ్బు పడినట్టు. ఎరుపైతే పడనట్టు. నారింజ రంగుదేమిటో ఆవిడకి ఇప్పటికీ అంతుపట్టదు. పోయిన వేసవిలో నేను వెళ్లినప్పుడు ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

“ఏరా, ఈ ఆకుపచ్చ కానివాళ్లంతా ఎవర్రా? వచ్చారు, జాడీ ఎంచుకున్నారు, ఊరూ పేరూ రాశారు, పిన్‌కోడ్ కూడా వేశారు. గుమ్మందాకా వచ్చి చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని వెళ్లిపోవడమేంటి, చోద్యం కాకపోతే!”

“సగంమంది ఓటీపీ దగ్గర ఆగిపోయినవాళ్లయ్యుంటారు పిన్నీ” అన్నాను.

“ఓటీపీ మంచిదేగా? దొంగలు పడకుండా.”

మంచిదే. తలుపుకి గడియ ఉండాల్సిందే. అయితే ఆ గడియ తీసేదాకా వాకిట్లో కాచుకునేవాళ్లలో అమ్మేవాడూ ఉంటాడని ఎవరికీ తట్టదు. ఈ వారం ముచ్చట్లన్నీ ఆ వాకిట్లోవే.

కార్డు మీద కనపడనిది చెప్పు

ఒకప్పుడు ఆన్‌లైన్‌లో కార్డుతో ఏదైనా కొనాలంటే కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ తెలిస్తే చాలు. చిక్కేమిటంటే మూడూ కార్డు మీదే అచ్చయి ఉంటాయి. హోటల్లో బిల్లుకని కార్డు పట్టుకెళ్లిన కుర్రాడు తిరిగి తెచ్చేలోపు మూడూ రాసేసుకోవచ్చు. రిజర్వ్ బ్యాంకు 2009 ఫిబ్రవరి 18న ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపుల్లో, కార్డు మీద కనపడని సమాచారం ఒకటి అదనంగా అడిగి తీరాలని దాని సారాంశం. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఫోన్‌లో అంకెలు నొక్కి కట్టే చెల్లింపులకీ 2011లో అదే నియమం పెట్టారు.

అది ఓటీపీయే అయి ఉండాలని మాత్రం అందులో లేదు. మొదట్లో చాలా బ్యాంకులు మనచేత ఒక పాస్‌వర్డ్ పెట్టించేవి. ‘వెరిఫైడ్ బై వీసా’, ‘మాస్టర్‌కార్డ్ సెక్యూర్‌కోడ్’ అనే పేజీలు గుర్తున్నవాళ్లకి, సమయానికి ఆ పాస్‌వర్డ్ గుర్తురాక చేతిదాకా వచ్చిన టికెట్ జారిపోయిన సంగతీ గుర్తుండే ఉంటుంది. ఓటీపీ వచ్చాక పాస్‌వర్డ్ మరిచిపోయే బాధ తప్పింది. ఇప్పుడు మరిచిపోవడానికేం లేదు, ఎదురుచూడటమే.

త్రీ-డీ అంటే కళ్లద్దాలు కావు

ఈ అదనపు తనిఖీ ఏర్పాటు అసలు పేరు ‘త్రీ-డీ సెక్యూర్’. సినిమాహాల్లో ఇచ్చే అట్ట కళ్లజోడుతో దీనికి సంబంధం లేదు. ఇక్కడ డీ అంటే డొమైన్. మూడు ఇలాకాలు అనుకోండి: కార్డు ఇచ్చిన బ్యాంకుది ఒకటి, అమ్మేవాడి తరఫు బ్యాంకుది రెండోది, ఈ రెంటినీ కలిపే కార్డు నెట్‌వర్క్‌ది మూడోది.

మీరు ‘పే’ అని నొక్కగానే కబురు అంగడివాడి నుంచి, అతని తరఫున ఆన్‌లైన్ చెల్లింపులు చూసే పేమెంట్ గేట్‌వేకి, అక్కణ్నుంచి అతని బ్యాంకుకి, నెట్‌వర్క్‌కి, మీ బ్యాంకుకి వెళుతుంది. మీ బ్యాంకు ఓటీపీ తయారుచేసి, సంక్షిప్త సందేశాలు పంపే సంస్థకి ఇస్తే, అది టెలికాం కంపెనీకి ఇస్తే, చివరికి మీ జేబులో ఫోన్ ‘టింగ్’ అంటుంది. మీరు ఆరంకెలు కొట్టాక అంతా వెనక్కి నడవాలి. ఇన్ని చేతులు మారేది కొన్ని సెకన్లలో. ఒక్క చేయి వణికినా బేరం పోయినట్టే.

ఇందులో అంగడివాడి ప్రమేయం ఎంత? దాదాపు సున్నా. ఓటీపీ పేజీ అతనిది కాదు, బ్యాంకుది. అతని కొట్టులో సరుకు ఎంచుకున్న మనిషిని చేయి పట్టుకుని పక్కవీధిలో ఉన్న బ్యాంకుకి తీసుకెళ్లి, సంతకం పెట్టించి, మళ్లీ కొట్టుకి తీసుకొచ్చినట్టు. దారిలో వర్షమొచ్చినా, బ్యాంకులో కరెంటు పోయినా, ఆ మనిషికి ఇల్లు గుర్తొచ్చినా, ‘ఆ కొట్లో కొనడం మహా తలనొప్పి’ అన్న పేరు అంగడివాడికే.

పేరు చూసి పారిపోయారు

పిన్ని చిట్టాలో నారింజ చుక్కలు కొన్నింటికి కారణం నేను కళ్లారా చూశాను. ఆవిడ సైట్‌లో నేనే ఒక చిన్న జాడీ ఆర్డరు పెట్టి చూశాను. ఓటీపీ వచ్చింది. సందేశంలో ఎంత కట్టాలో ఉంది, సరిగ్గానే ఉంది. ఎవరికి కడుతున్నానో కూడా ఉంది. అది పిన్ని కొట్టు పేరు కాదు. గేట్‌వేలో ఖాతా తెరిచినప్పుడు పిన్ని కొడుకు, అదే మా తమ్ముడు, తన పాత ఫొటో స్టూడియో పేరుతో ఇచ్చిన కాగితాలే ఇప్పటికీ నడుస్తున్నాయి. అంటే ఆవకాయ కొందామని వచ్చినవాళ్లకి ఏదో స్టూడియోకి డబ్బు కట్టమని బ్యాంకు చెబుతోంది!

ఓటీపీ సందేశం పూర్తిగా చదవండి, పేరు తేడాగా ఉంటే ఆగిపొండి అని బ్యాంకులు ఏళ్ల తరబడి చెబుతున్నాయి. జనం బుద్ధిగా విన్నారు, ఆగిపోయారు. పాపం వాళ్ల తప్పేముంది? గేట్‌వే వాళ్లకి కాగితాలు మార్చి పంపాక ఆ బెడద తగ్గింది. ఆన్‌లైన్‌లో ఏదైనా అమ్మేవాళ్లు ఒకసారి తమ కొట్టులో తామే ఒక రూపాయి సరుకు కొని చూసుకుంటే, కొనేవాళ్లకి ఏం కనబడుతోందో తెలుస్తుంది.

దొంగ కార్డుతో కొంటే నష్టం ఎవరిది?

ఇది చాలామంది వ్యాపారులకే సరిగ్గా తెలియదు. దొంగిలించిన కార్డు వివరాలతో ఎవడో ఒక పట్టుచీర కొన్నాడనుకోండి. చీర వెళ్లిపోయింది. నెలల తర్వాత అసలు కార్డుదారు లెక్క చూసుకుని ‘ఇది నేను కొనలేదు’ అని బ్యాంకుకి చెబుతాడు. బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగుతుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. అదనపు తనిఖీ లేకుండా జరిగిన అమ్మకమైతే ఆ దెబ్బ సాధారణంగా వ్యాపారికే తగులుతుంది. చీర పోయె, డబ్బు పోయె, పైగా చార్జ్‌బ్యాక్ రుసుము కూడా నెత్తిన పడె.

తనిఖీ సక్రమంగా జరిగి, కార్డుదారు తానేనని అతని బ్యాంకు ఒప్పుకున్న అమ్మకంలో ఈ భారం వ్యాపారి నెత్తి మీంచి దిగి కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి వెళుతుంది. ఇది కార్డు నెట్‌వర్క్‌ల నియమం. కాబట్టి ఓటీపీని తిట్టుకునే వ్యాపారి ఒక్క క్షణం ఆగాలి. ఆ ఆరంకెలు అతని తరఫు సాక్షి కూడా.

అయితే ఈ సాక్షి ఒక్క రకం తగువులోనే పనికొస్తాడు. ‘సరుకు రాలేదు’, ‘జాడీ పగిలి నూనె కారింది’ అని కొన్నవాళ్లు బ్యాంకుకెక్కితే ఓటీపీ ఏమీ కాపాడదు. పార్శిల్ రసీదు, ఫొటోలు దాచుకున్నవాడే అక్కడ బతుకుతాడు. పిన్ని ప్రతి జాడీకీ మూత బిగించాక ఒకటి, డబ్బాలో పెట్టాక ఒకటి ఫొటో తీస్తుంది. ఆవిడ ఫోన్‌లో మనవడి ఫొటోల కంటే మూతల ఫొటోలే ఎక్కువ.

హైదరాబాద్‌లో నోట్లు తీసుకున్న ఉబర్

ఈ నియమం ఒక పెద్ద కంపెనీ నడకనే మార్చేసిన కథ ఉంది. అందులో మన ఊరి పాత్ర ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఉబర్ 2013లో బెంగళూరులో అడుగుపెట్టింది. దాని గొప్పంతా ఒక్క విషయంలోనే: కార్డు వివరాలు ఒకసారి ఇచ్చేస్తే, ఆ తర్వాత కారు దిగి వెనక్కి చూడకుండా వెళ్లిపోవచ్చు. పర్సు తీసేది లేదు, చిల్లర గొడవ లేదు, డబ్బు దానంతటదే కట్టవుతుంది. మరి ఓటీపీ? లేదు. చెల్లింపును దేశం బయటి బ్యాంకు మీదుగా నడిపించేవారు. ఎక్కింది మన వీధిలో, దిగింది మన వీధిలో, డబ్బు మాత్రం సముద్రం దాటి వచ్చినట్టు లెక్క. మాకొక నియమం, వాళ్లకొక నియమమా అని ఇక్కడి టాక్సీ కంపెనీలు గగ్గోలు పెట్టాయి.

2014 ఆగస్టు 22న రిజర్వ్ బ్యాంకు మరో సర్క్యులర్ తెచ్చింది. ఎవరి పేరూ ఎత్తలేదు. మన దేశంలో ఇచ్చిన కార్డుతో మన దేశంలోనే వస్తువో సేవో కొంటే ఆ చెల్లింపు ఇక్కడి బ్యాంకు ద్వారానే, రూపాయల్లోనే జరగాలని, అదనపు తనిఖీ తప్పించుకునే అడ్డదారులు చెల్లవని చెప్పింది. అక్టోబర్ 31 దాకా గడువిచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు చూడండి తమాషా. కారు దిగాక ఫోన్ తీసి ఓటీపీ కొట్టి, సిగ్నల్ లేక డ్రైవర్‌తో పాటు రోడ్డు పక్కన నిలబడితే ఆ గొప్పతనమంతా గంగలో కలిసినట్టే. అందుకని 2014 నవంబర్‌లో ఉబర్ పేటీఎం వాలెట్ పట్టుకుంది. వాలెట్‌లో ముందే డబ్బు పోసిపెట్టుకోవాలి. పోసేటప్పుడు ఒకసారి ఓటీపీ, తర్వాత తీసేటప్పుడు అక్కర్లేదు. ఓటీపీని తప్పించలేదు, జరగాల్సిన చోటు మార్చారంతే. కారు పక్కన జరగాల్సింది ఇంట్లో సోఫా మీదికి వెళ్లింది.

అక్కడితో ఆగలేదు. నగదు ముట్టుకోకపోవడమే తన మతమన్నట్టు ప్రపంచమంతా తిరిగిన ఉబర్, 2015 మేలో హైదరాబాద్‌లో ప్రయోగంగా నోట్లు తీసుకోవడం మొదలుపెట్టింది. మన దగ్గర కార్డులున్నవాళ్లు తక్కువ, నోటు మీద నమ్మకం ఎక్కువ. దానికి ఓటీపీ తోడైంది. అమీర్‌పేటలో కారెక్కినవాళ్లు వందనోటు ఇస్తే డ్రైవర్లు చిల్లర వెతుక్కునే ఆ ప్రయోగం ఫలించి, తర్వాత ఇతర నగరాలకీ, ఇతర దేశాలకీ పాకింది.

ఇంటికొచ్చాక ఇస్తా

ఫ్లిప్‌కార్ట్ ‘క్యాష్ ఆన్ డెలివరీ’ మొదలుపెట్టింది 2010లో. అదనపు తనిఖీ నియమం వచ్చిన మరుసటి ఏడు. కారణం ఓటీపీ ఒక్కటే అంటే అన్యాయం. కార్డంటేనే భయపడే రోజులవి. కానీ చెల్లింపు మధ్యలో ఆగిపోతే పడే దిగులు ఇందులో లేదు కదా, జనం అల్లుకుపోయారు. నష్టం కొట్టువాడికి ఇంకో రూపంలో వచ్చింది: మనసు మారినవాళ్లు తలుపు దగ్గరే పార్శిల్ వెనక్కి పంపేస్తారు. పిన్ని ఆ పద్ధతి రెండు వారాలు పెట్టి చూసి మానేసింది. గుంటూరు నుంచి వైజాగ్ వెళ్లి తిరిగొచ్చిన ఆవకాయ జాడీ వాసన ఎలా ఉంటుందో అడక్కండి.

కొట్లో ఐదు వేలు, ఇంట్లో యాభై

కిరాణా కొట్లో కార్డు మిషన్‌కి తాకిస్తే 5,000 రూపాయల దాకా పిన్ అడగదు. 2,000 ఉన్న ఈ పరిమితిని 2021 జనవరి 1 నుంచి పెంచారు. ఇంట్లో కూర్చుని అదే కార్డుతో యాభై రూపాయల పుస్తకం కొంటే మాత్రం ఓటీపీ. కొట్లో కార్డు చేతిలో ఉన్నట్టు కనబడుతుంది, ఆన్‌లైన్‌లో కనబడదు అన్నదే తర్కం. చిన్న మొత్తాలకి ఆన్‌లైన్‌లోనూ వెసులుబాటు ఇవ్వాలని 2016 డిసెంబర్‌లో, నోట్ల రద్దు హడావుడి నడుమ, రిజర్వ్ బ్యాంకు 2,000 లోపు చెల్లింపులకి ఒక దారి తెరిచింది. కొనేవాడు ముందే నమోదు చేసుకోవాలి, నెట్‌వర్క్ ఆ ఏర్పాటు ఇవ్వాలి, బ్యాంకు సరేననాలి. మీలో ఎంతమంది నమోదు చేసుకున్నారు? అదీ సంగతి.

యూపీఐకి ఓటీపీ లేదంటారు కానీ...

రెండు తాళాలు దానికీ ఉన్నాయి. మీ ఫోన్ మీ ఖాతాకి ముడిపడి ఉండటం ఒకటి, మీరు కొట్టే పిన్ రెండోది. మొదటి తాళం యాప్ పెట్టుకున్న రోజే పడిపోయింది కాబట్టి మనకి గుర్తుండదు. సందేశం కోసం ఎదురుచూపు లేదు, అంతే తేడా. 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఈ ఏర్పాటు వాకిట్లో నిలబడే సమయాన్ని మింగేసింది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ మీద వ్యాపారి కట్టాల్సిన రుసుము కూడా సున్నా చేశారు. పిన్ని చిట్టాలో ఇప్పుడు ఆకుపచ్చ చుక్కల్లో ఎక్కువ భాగం దీనివే.

దేశమంతా ‘ఓటీపీ రాలేదు’ అన్న రోజు

2021 మార్చి 8, సోమవారం. ఎవరి ఫోన్ చూసినా ఇదే గోల. బ్యాంకుల సర్వర్లు పడిపోలేదు, టవర్లు కూలలేదు. జరిగింది వేరు.

పనికిమాలిన వ్యాపార సందేశాలని అరికట్టడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక పద్ధతి పెట్టింది. సందేశం పంపే ప్రతి సంస్థా తన పేరునీ, పంపబోయే సందేశం నమూనానీ ముందే నమోదు చేయించుకోవాలి. నమూనాతో సరిపోలని సందేశాన్ని టెలికాం కంపెనీ దారిలోనే ఆపేయాలి. ఆ రోజు జల్లెడ నిజంగా బిగించారు. తీరా చూస్తే చాలా సంస్థలు నమోదు పూర్తిచేయలేదు, చేసినవాళ్ల మాటల్లో కామాలూ ఖాళీలూ తేడా. తాలుతో పాటు గింజలూ జల్లెడలో ఆగిపోయాయి. మర్నాడే ట్రాయ్ ఆ పద్ధతిని ఏడు రోజుల పాటు ఆపింది.

ఆ సోమవారం ఎందరి బేరాలు పోయాయో ఊహించుకోవచ్చు. కొనేవాడు కార్డు మంచిది కాదనుకున్నాడు, అమ్మేవాడు సైట్ పాడైందనుకున్నాడు. పనికిరాని ప్రకటనల్ని ఆపబోయి పనికొచ్చే ఆరంకెల్ని ఆపారని తెలిసేసరికి పొద్దుపోయింది.

మరపు మీద నడిచే వ్యాపారం

నెలనెలా దానంతటదే కట్టయ్యే చందాల మీదా ఈ తనిఖీ వచ్చింది. 2021 అక్టోబర్ 1 నుంచి పద్ధతి ఇది: మొదటిసారి ఓటీపీతో అనుమతివ్వాలి, ఆ తర్వాత ప్రతి నెలా డబ్బు తీసే ముందు కనీసం 24 గంటలకి బ్యాంకు కబురు పెట్టాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. 5,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ. మరుసటి ఏడు జూన్‌లో దాన్ని 15,000 చేశారు. 2023 డిసెంబర్‌లో మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లు వరకు లక్షకి పెంచారు.

ఏర్పాటు సిద్ధం చేసుకోని బ్యాంకుల కార్డులతో ఆ అక్టోబర్‌లో చందాలు టపటపా రాలిపోయాయి. 2022 మేలో ఆపిల్ తన యాప్ స్టోర్‌లో మన కార్డులు తీసుకోవడమే మానేసింది. నిజాయితీగా నడిచే చందా వ్యాపారాలకి ఇది దెబ్బే, కాదనను. కానీ ‘చూస్తున్నామా లేదా అని ఆలోచించరు, డబ్బు కడుతూనే ఉంటారు’ అన్న ధీమాతో బతికేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ఆదాయం మన మరపు. ఒక రోజు ముందు వచ్చే ఆ కబురు, నా మట్టుకు నాకు, నేను ఎప్పుడో పెట్టుకుని మరిచిన మూడు చందాల్ని గుర్తుచేసింది. మూడూ తీసేశాను. ఆ కంపెనీలు ఏమనుకున్నాయో మరి.

పద్దుల పుస్తకం ఐరోపాకి వెళ్లింది

తెలిసిన మొహానికి పద్దు, కొత్త మొహానికి రొక్కం. మన కిరాణా కొట్టు నీతి ఇది. ఐరోపా వాళ్లు ఇంచుమించు దీన్నే చట్టం చేశారు. 2019 సెప్టెంబర్ 14 నుంచి అక్కడ ఆన్‌లైన్ చెల్లింపులకి రెండు రకాల గుర్తింపు తప్పనిసరి అన్నారు. వ్యాపారులు సిద్ధంగా లేరని ఆన్‌లైన్ అమ్మకాలకి గడువు పెంచుకుంటూ పోయారు. బ్రిటన్‌లో గట్టిగా అమలయ్యేసరికి 2022 మార్చి 14 వచ్చింది.

విశేషం మినహాయింపుల్లో ఉంది. 30 యూరోల లోపు చిన్న కొనుగోళ్లని మామూలుగా వదిలేయొచ్చు. అంతకంటే పెద్దవైతే, చెల్లింపులు చూసే సంస్థ దగ్గర మోసాలు ఎంత తక్కువైతే దానికి అంత స్వేచ్ఛ. మోసాల వాటా 0.13 శాతం లోపుంటే 100 యూరోల దాకా, 0.06 లోపుంటే 250 దాకా, 0.01 లోపుంటే 500 దాకా, అనుమానం లేని చెల్లింపుల్ని అదనంగా అడగకుండా పంపేయొచ్చు. గమనించండి, ఆ లెక్క కొట్టువాడిది కాదు, అతని తరఫున డబ్బు చూసే సంస్థది. కాబట్టి అక్కడి వ్యాపారి గేట్‌వేని ఎంచుకునేటప్పుడు రుసుముతో పాటు దాని నడవడికా చూసుకుంటాడు. మంచి పేరున్న గేట్‌వే అంటే వాకిట్లో తక్కువ సేపు నిలబడటం.

మన దగ్గర ఆ బహుమతి లేదు. 2025 సెప్టెంబర్ 25న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన కొత్త ఆదేశాల్లోనూ రెండు తాళాలు రెండు తాళాలే. అనుమానం వస్తే మూడోది వేసుకోవచ్చంటారు కానీ, నమ్మకం కుదిరితే ఒకటి తీసేయమనరు. సందేశంగా వచ్చే ఓటీపీ ఒక్కటే దిక్కు కాదు, వేలిముద్ర లాంటివీ వాడుకోవచ్చన్నది ఊరట. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలని అందులో తేదీ పెట్టారు. మన పద్ధతిలో ఉన్న సుగుణం ఒకటే: చిన్నా పెద్దా అందరికీ ఒకే గడియ. పిన్నికీ అదే, పెద్ద కంపెనీకీ అదే.

డబ్బు పోయింది, ఆర్డరు పడలేదు

ఇది మాత్రం కత్తిరించి దాచుకోండి. కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టారు, మీ ఖాతాలో డబ్బు తగ్గింది, అమ్మేవాడికి కబురు చేరలేదు. అలాంటప్పుడు ఆ రోజు కాక మరో ఐదు రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున పరిహారం, మీరు అడగకుండానే, ఖాతాలో పడాలి. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమమిది.

ఈ లోపు ఫోన్లన్నీ వచ్చేది కొట్టువాడికే. బ్యాంకు సందేశం ఫొటో తీసి పంపి, ‘డబ్బు కట్టయింది చూడండి, పార్శిల్ పంపండి’ అంటారు. నిజంగా కట్టినవాళ్లెవరో, ఫొటో మార్చి పంపేవాళ్లెవరో ఆ బొమ్మ చూసి చెప్పలేం. పిన్ని మొదట్లో ఒకటి రెండుసార్లు మొహమాటపడి పంపింది. ఇప్పుడు పంపడం లేదు. “నా ఖాతాలో పడ్డాకే జాడీ కదిలేది” అంటుంది, మెత్తగానే.

నంబరు దాచుకునే హక్కు లేదు

2022 అక్టోబర్ 1 నుంచి అమ్మేవాళ్లెవరూ మీ కార్డు నంబరు తమ దగ్గర దాచకూడదు. బదులుగా ఒక మారు నంబరు, టోకెన్, ఉంటుంది. ఒక కొట్టు టోకెన్ దొంగిలించినా ఇంకో కొట్లో చెల్లదు. టోకెన్ పెట్టుకోవడానికి మీ అనుమతి కావాలి. ఇవ్వకపోతే ప్రతిసారీ పదహారంకెలూ కొట్టాల్సిందే. కొట్టే ఓపిక లేనివాళ్లు ఎక్కడికి పోతారో పైన చెప్పాను.

సముద్రానికి అటు ఇటు

అమెరికా యూనివర్సిటీకి దరఖాస్తు ఫీజు కడుతూ ‘ఓటీపీ అడగలేదు, డబ్బు మాత్రం పోయింది’ అని బెంబేలెత్తే తల్లిదండ్రుల్ని చూస్తూనే ఉంటాం. మోసమేం కాదు. మన నియమం దేశం లోపలి చెల్లింపులకే. అక్కడి వ్యాపారి అడగకపోతే మన బ్యాంకు బలవంతంగా అడిగించలేదు. విదేశీ వ్యాపారి అదనపు తనిఖీ కోరితే మన బ్యాంకులు జవాబివ్వగలిగేలా 2026 అక్టోబర్ 1 కల్లా ఏర్పాటు చేసుకోవాలని కొత్త ఆదేశాల్లో ఉంది.

తిరగేసి చూస్తే పిన్నికి ఇంకో కష్టం. అమెరికాలో ఇలాంటి తప్పనిసరి నియమం లేదు. అక్కడున్న పిల్లలు తమ కార్డుతో ఇక్కడి సైట్‌లో తల్లిదండ్రుల కోసం ఏదైనా కొనబోతే, కొన్నిసార్లు ఆ తనిఖీ పూర్తికాక చెల్లింపు ఆగిపోతుంది. పిల్లలు ఊరుకుని, ‘నాన్నా, మీ కార్డుతోనే కొనుక్కోండి’ అంటారు.

అలా అన్న పిల్లాడి తండ్రే కాబోలు, నేనున్న రాత్రి చిట్టాలో ఒక నారింజ చుక్క. తెనాలి చిరునామా, రెండు కేజీల జాడీ. పిన్ని ఫోన్ చేసింది.

“ఏవండీ, ఆవకాయ ఆర్డరు పెట్టారు, డబ్బు పడలేదండీ.”

“పెట్టానమ్మా. బ్యాంకులో మా అబ్బాయి నంబరుంది. ఓటీపీ వాడికెళ్తుంది. వాడేమో డాలస్‌లో. అక్కడిప్పుడు పొద్దున పదిన్నర, ఆఫీసులో మీటింగ్‌లో ఉంటాడు, ఫోన్ తియ్యడు. వాడు తీసేసరికి ఓటీపీ గడువైపోతుంది. మూడుసార్లు అయిందమ్మా.”

“పోనీ లెండి. జాడీ పక్కన పెడతాను, మీవాడు ఫోన్ తీసినప్పుడే కట్టండి.”

ఫోన్ పెట్టేసి, డ్రాయర్లోంచి నల్ల మార్కర్ తీసి, అలమర పై అరలో ఉన్న పెద్ద జాడీ మూత మీద రాసింది: ‘తెనాలి. ఓటీపీ రావాలి.’